షాట్‌కి నాలుగు సెకన్లు

హైదరాబాద్ చెర్లపల్లిలోని మా పాత కంపెనీలో అయితే ఆ రోజు నా భుజం తట్టి టీ ఇప్పించేవాళ్లు. ఇక్కడ, జర్మనీలో, లూడెన్‌షైడ్ దగ్గరి మా ప్లాస్టిక్ మోల్డింగ్ ఫ్యాక్టరీలో, షిఫ్ట్ మాస్టర్ అందరి ముందూ మెషిన్ ఆపేశాడు. నేను చేసిందల్లా మోల్డ్ (కరిగిన ప్లాస్టిక్‌ని నింపే అచ్చు) వేడిని 90 డిగ్రీల నుంచి 50కి దించడం. అసిటాల్ అనే ప్లాస్టిక్‌తో చేసే గేరు త్వరగా గట్టిపడింది, షాట్‌కి, అంటే అచ్చు నింపి ముక్క తీసే ప్రతిసారికీ, నాలుగు సెకన్లు మిగిలాయి.

"ఎవరిని అడిగి మార్చావు?" అన్నాడు. అంతే.

రాత్రంతా నిద్ర లేదు. మనవాళ్లకి పని రాదనుకుంటున్నాడా? ప్లాస్టిక్ పని నేర్పే సీపెట్‌లో ఇదంతా నేనూ చదివాను. కానీ మా దగ్గర కరెంటు కోతలు తినేసిన గంటల్ని కూడా సెకన్లలోంచే రాబట్టాల్సి వచ్చేది. చిల్లర్ నీళ్లు తిప్పి మోల్డ్‌ని చల్లగా ఉంచినవాడే అక్కడ తెలివైనవాడు.

మర్నాడు ఆయన నా గేర్లూ, అంతకుముందు తీసినవీ కలిపి ఓవెన్‌లో పెట్టాడు. చల్లారాక మైక్రోమీటర్ నా చేతికే ఇచ్చాడు. నావే ఎక్కువ కుంచించుకుపోయాయి. తర్వాత నా గేరులోంచి పలచటి పొర కోసి మైక్రోస్కోపు కింద చూపించాడు. లోపలంతా పూసలు పూసలుగా ఉంది, అంచున మాత్రం పూసే లేని పట్టీ.

అమ్మ కాచిన నెయ్యి గుర్తొచ్చింది. మెల్లగా చల్లారితేనే కదా పూసకట్టేది! అసిటాల్ అణువుల పొడవాటి గొలుసులూ అంతే, సర్దుకుని కూర్చోవడానికి వాటికి వేడీ, వ్యవధీ కావాలి. చల్లటి గోడ తగిలితే ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. గట్టిదనం తగ్గుతుంది, పళ్లు త్వరగా అరుగుతాయి. మిగిలిపోయిన ఆ సర్దుబాటు తర్వాతెప్పుడో, రెంటచింతల ఎండలాంటి ఎండలో నిలబెట్టిన కారు తలుపులో, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు గేరు కొలత మారి పళ్లు సరిగ్గా కలవవు. అలాగని పూసలు మరీ పెద్దవైనా పెళుసే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. పాలికార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్‌లో పూసల గొడవ లేదు, దాని శత్రువు తేమ. దాణాని, అంటే కరిగించబోయే ప్లాస్టిక్ గింజల్ని, 120 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు ఆరబెట్టాలి. వానాకాలంలో డెలివరీ టెన్షన్‌తో గంటకే మెషిన్ పైన ఉండే గరాటులో, హాపర్‌లో, పోసిన రోజులున్నాయి. కరిగే వేడిలో ఆ తడే గొలుసుల్ని తెంపేస్తుంది. ముక్కలు చూడ్డానికి మెరిసిపోయేవి, కిందపడితే చిట్లేవి. అప్పుడు మేము తిట్టింది మెటీరియల్ సప్లయర్‌ని.

అయినా అందరి ముందూ మెషిన్ ఆపాల్సింది కాదు. ఆ ఓవెన్ ముందే చూపిస్తే ఏం పోయేది?

ఆదివారం చెర్లపల్లిలో మా పాత ఓనర్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను. షాట్‌కి నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకోండి సార్ అంటే ఆయన ఏమంటారో తెలుసు. నంబరు తీశాను, ఫోన్ పక్కన పెట్టేశాను.