అకౌంట్‌లో పది లక్షలు, అద్దెకు డబ్బుల్లేవు: జర్మనీలో నా మొదటి మూడు నెలలు

2024 నవంబరు 3. అద్దె కట్టాల్సిన రోజు. నా పేరు మీదే ఉన్నా ఇంకా తీసుకునే వీల్లేని బ్లాక్డ్ అకౌంట్‌లో 11,208 యూరోలు ఉన్నాయి, అంటే మన డబ్బుల్లో పది లక్షల పైమాటే. చేతిలో ఉన్నవి మాత్రం 175 యూరోలు. అద్దె 300. ఇంటి ఓనరమ్మకు ఏమని మెసేజ్ పెట్టాలో తెలియక, ఫోన్ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. డబ్బు లేక ఇబ్బంది పడటం మా ఇంట్లో కొత్త కాదు. డబ్బుండి కూడా ఇబ్బంది పడటం మాత్రం అదే మొదటిసారి.

మాది ఖమ్మం. నాన్న ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తారు. జర్మనీలో మాగ్డెబుర్గ్ అనే ఊళ్లో ఎంఎస్ సీటు వచ్చినప్పుడు ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి బ్యాంకులో 20 లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లాయర్ లీగల్ ఒపీనియన్, ఇంటి వాల్యుయేషన్... వీటికే రెండు నెలలు పట్టింది. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ముందే జర్మనీలో వేసి చూపించాలి. అదే బ్లాక్డ్ అకౌంట్. అప్పట్లో 11,208 యూరోలు, నెలకు 934 చొప్పున మాత్రమే బయటికి వస్తాయి. అదే ఏడాది సెప్టెంబరు నుంచి దాన్ని 11,904 చేశారు, నెలకు 992.

ఆ డబ్బు పంపడంలోనే మొదటి దెబ్బ తగిలింది. జూన్‌లో సరిగ్గా 11,208 యూరోలు పంపించాం. అక్కడికి చేరింది 18 యూరోలు తక్కువ. దారిలో ఉన్న మధ్య బ్యాంకు తన చార్జీ కోసుకుంది. పూర్తి మొత్తం పడితే తప్ప కన్ఫర్మేషన్ లెటర్ రాదు, లెటర్ లేకపోతే వీసా అపాయింట్‌మెంట్‌కు వెళ్లి లాభం లేదు. అపాయింట్‌మెంట్‌కు తొమ్మిది రోజులే టైమ్. మళ్లీ బ్యాంకుకెళ్లి, ఇంకో ఫారం నింపి, ఇంకోసారి చార్జీలు కట్టి 50 యూరోలు పంపాం. ఫారంలో విదేశీ బ్యాంకు చార్జీలు ఎవరు భరించాలి అని ఒక గడి ఉంటుంది. దాంట్లో పంపేవాళ్లే భరించేలా టిక్ పెట్టించి, పైన ఓ 50 యూరోలు ఎక్కువ వేస్తే ఈ తిప్పలుండవు.

టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, దాని సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ ఏడాది రూల్ ప్రకారం చదువు కోసం విదేశానికి పంపే డబ్బు 7 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద టీసీఎస్ పట్టుకుంటారు. సొంత డబ్బైతే 5 శాతం, బ్యాంకు లోన్ డబ్బైతే అర శాతం. మాకు పదిహేను వందల చిల్లర పోయింది. పోయిందంటే పోయినట్టు కాదు, నాన్న పాన్ మీద పడుతుంది, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని 10 లక్షలకు పెంచారు, లోన్ డబ్బు మీద ఆ అర శాతం కూడా తీసేశారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వడ్డీ. బ్యాంకు ఆ పది లక్షలు పంపిన రోజు నుంచే మొత్తం మీద వడ్డీ నడుస్తుంది. మా వడ్డీ రేటు పదింపావు శాతం, అంటే నెలకు ఎనిమిదిన్నర వేలు దాటుతుంది. నా చేతికి మాత్రం నెలకు 934 యూరోలే వస్తాయి, అదీ అకౌంట్ తెరుచుకున్నాకే. తెరుచుకునే లోపల గడిచే ప్రతి రోజుకూ ఖమ్మంలో మూడు వందల రూపాయల దగ్గర దగ్గర పడుతున్నట్టే. చదువు అయ్యేదాకా కట్టకపోయినా బ్యాంకు అడగదు. కానీ నెలనెలా వడ్డీ కట్టుకుంటూ వస్తే వడ్డీ రేటులో ఒక శాతం తగ్గింపు ఇస్తామన్నారు. నాన్న కడతానన్నారు. ఆయన జీతం ఎంతో నాకు తెలుసు కాబట్టి, ఆ మాట విన్నప్పటి నుంచి ప్రతి యూరో నాకు బరువుగానే ఉండేది.

సెప్టెంబరు 28న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. ఫోరెక్స్ కార్డులో 1,200, చేతిలో నోట్లు 200. బ్లాక్డ్ అకౌంట్ ఉంది కదా, వారంలో డబ్బు వచ్చేస్తుంది అనుకున్నాం. అక్కడే మా లెక్క తప్పింది.

ఆ డబ్బు బయటికి రావాలంటే ఒకదాని వెనక ఒకటి జరగాలి. ముందు ఉండటానికి గది. గది ఇచ్చినవాళ్లు మీరు అక్కడ ఉంటున్నారని రాసిచ్చే కాగితం. ఆ కాగితంతో సిటీ రిజిస్ట్రేషన్, దాన్ని ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు మారాక రెండు వారాల్లో చేయించుకోవాలని చట్టమే ఉంది. ఆ సర్టిఫికెట్‌తో బ్యాంకులో మామూలు అకౌంట్. ఆ అకౌంట్ నంబరు బ్లాక్డ్ అకౌంట్ కంపెనీకి పంపితే, వాళ్లు చూసి ఓకే అన్నాక నెలనెలా డబ్బు. మొదటిది ఆగితే మిగిలినవన్నీ ఆగుతాయి.

నాకు మొదటిదే ఆగింది. గుంటూరు అక్క ఒకావిడ, మా సీనియర్, తన గదిలో ఉండమంది. పదిహేడు రోజులు ఉన్నాను. తనే అద్దెకుంటోంది, నాకు కాగితం రాసిచ్చే వీలు లేదు. అక్టోబరు 15న నాకంటూ గది దొరికింది. ముగ్గురం ఉండే ఫ్లాట్, నా వాటా కరెంటు, హీటర్, నీళ్లతో కలిపి 300. అడ్వాన్స్ 600. ఇక్కడ అడ్వాన్స్ మూడు నెలల అద్దె దాటకూడదని చట్టం, ఆ అద్దె కూడా హీటర్, నీళ్ల ఖర్చులు కలపకుండా లెక్కగట్టాలి. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు ఆ 'చల్ల అద్దె'నే, కాల్ట్‌మీటె. నెలనెలా అసలు కట్టేది ఆ ఖర్చులు కలిపిన 'వెచ్చటి అద్దె', వార్మ్‌మీటె. చూడాల్సింది ఆ రెండోది.

గది చూడకముందే, తాళం చేతికి రాకముందే అడ్వాన్స్ పంపమని అడిగినవాళ్లు నాకు ఇద్దరు తగిలారు. ఒకరు పాస్‌పోర్టు ఫొటో కూడా పంపారు నమ్మించడానికి. అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆ నంబరు బ్లాక్ చేసింది. ఆవిడ లేకపోతే నా దగ్గరున్న డబ్బులో సగం ఆ రోజే పోయేది.

అక్టోబరు నెల లెక్క నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది. రైలు 60. అడ్వాన్స్ 600. సగం నెల అద్దె 150. పరుపు దుప్పటి, గిన్నెలు, చిన్న కుక్కర్ కలిపి 90. చలికోటు 60. అక్కకు ఉన్నన్నాళ్ల ఖర్చు కింద 60 ఇచ్చాను, తీసుకోనంటే వంటగదిలో డబ్బా కింద పెట్టి వచ్చాను. పాత బల్ల, కుర్చీ 35. ఫొటోలు 15, సిమ్ము 15. తిండికి 140. మొత్తం 1,225. నెలాఖరుకు మిగిలింది 175.

రిజిస్ట్రేషన్ అక్టోబరు 22న అయింది. 25న బ్యాంకు అకౌంట్ తెరిచాను, ఐబాన్, అంటే ఇక్కడి అకౌంట్ నంబరు, అక్కడికక్కడే రాసిచ్చారు. ఆ రోజు ట్రామ్‌లో ఇంటికి వస్తూ అమ్మకు ఫోన్ చేసి "అయిపోయిందమ్మా" అన్నాను. అవలేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. బ్యాంకు ఫారంలో నేను అలవాటు కొద్దీ ఆ వరసలోనే రాశాను. బ్లాక్డ్ అకౌంట్‌లో పాస్‌పోర్టు ప్రకారం ఉంది. రెండు పేర్లూ కలవడం లేదని కంపెనీ నుంచి వెనక్కి వచ్చింది. మళ్లీ బ్యాంకుకు వెళ్లి సరిచేయించి, కొత్త లెటర్ తీసుకుని పంపాను.

ఈలోగా డెబిట్ కార్డు కూడా రాలేదు. ఇక్కడ కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో, వేర్వేరు రోజుల్లో పోస్టులో వస్తాయి. ఎదురుచూసి బ్యాంకుకు వెళ్తే, ఉత్తరం వెనక్కి వచ్చేసిందన్నారు. అడ్రసు తప్పా అని చూస్తే అడ్రసు సరిగ్గానే ఉంది. కింద గుమ్మం దగ్గర ఎనిమిది పోస్టు డబ్బాలు, ప్రతిదాని మీదా పేర్లు. మా ఫ్లాట్ డబ్బా మీద నాకంటే ముందున్న అబ్బాయి పేరే ఉంది. ఇక్కడ అడ్రసులో ఫ్లాట్ నంబరు రాయరు. పోస్టతను చూసేది డబ్బా మీది పేరునే. ఆ సాయంత్రం తెల్ల కాగితం ముక్క మీద స్కెచ్ పెన్నుతో నా పేరు రాసి టేపుతో అతికించాను. ఖమ్మంలో హాజరు పట్టీలో ఒక్క అక్షరంగా మిగిలిన మా ఇంటిపేరు, మొదటిసారి పూర్తిగా ఒక గుమ్మం మీదకు ఎక్కింది. దాని ముందు కాసేపు నిలబడ్డాను.

ఇదీ నవంబరు 3 వెనక ఉన్న కథ. చివరికి ఓనరమ్మకు ఉన్నది ఉన్నట్టు రాశాను, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్ ఫొటో కూడా జత చేశాను. పది రోజులు టైమ్ ఇచ్చింది. మాట ఇచ్చాక నిద్ర పట్టింది గానీ, డబ్బు పడేదాకా రోజుకు రెండు యూరోలు దాటకుండా నెట్టుకొచ్చాను. అన్నం, పప్పు, పెరుగు. ఉల్లిపాయలు కిలో సంచి. నవంబరు 11న మొదటి 934 పడ్డాయి. నాన్నకు స్క్రీన్‌షాట్ పంపితే "దేవుడున్నాడు బిడ్డా" అన్నారు.

ఆ వారంలోనే అద్దె 300 పోయింది. తర్వాత హెల్త్ ఇన్సూరెన్స్. స్టూడెంట్లకు అప్పట్లో నెలకు 120 యూరోల పైనే ఉండేది, అది లేకుండా యూనివర్సిటీలో పేరు ఎక్కదు. నేను అకౌంట్ నంబరు నవంబరులో ఇచ్చినా సెమిస్టర్ మొదలైంది అక్టోబరు 1న కాబట్టి రెండు నెలలదీ ఒకేసారి లాగేశారు, 250 దాకా. డిసెంబరులో ఇంకో ఉత్తరం, రేడియో టీవీ చందా కట్టమని. నాకు టీవీ లేదు, ఇది మనకు కాదని పక్కన పడేశాను. టీవీ లేకపోయినా ప్రతి ఇంటికీ కట్టాల్సిందేనట. నెలకు 18.36, మూడు నెలలకు కలిపి 55.08. అయితే ఇంటికి ఒక్కటే చందా. ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల నంబరు రాసి మిగతావాళ్లు కట్టక్కర్లేదని చెప్పొచ్చు. మా ఫ్లాట్‌లో ఆల్రెడీ ఒకమ్మాయి కడుతోంది. ఆమె నంబరు రాసి పంపాక నాకు వచ్చిన బిల్లు రద్దయింది, నెలకు 6.12 ఆమెకే ఇస్తున్నాను. జర్మన్‌లో వచ్చిన ఏ ఉత్తరాన్నీ అర్థం కాలేదని పక్కన పెట్టకండి. ఫోన్‌తో ఫొటో తీస్తే అనువాదం చేసేస్తుంది, ఐదు నిమిషాల పని.

ఇంకోటి, ఇలా అకౌంట్‌లోంచి వాళ్లే లాగేసుకునే పద్ధతిలో డబ్బు చాలకపోతే తిరిగొచ్చిన చార్జీ కూడా మన మీదే పడుతుంది. పొరపాటున లాగితే మాత్రం ఎనిమిది వారాల్లోపు బ్యాంకుకు చెప్పి వెనక్కి తెచ్చుకునే హక్కుంది. అందుకే నెల మొదట్లోనే అద్దె, ఇన్సూరెన్స్, ఫోన్ పోగా మిగిలేది ఎంతో రాసుకుని, దాన్ని నాలుగు వారాలకు పంచుకుంటాను.

మొదటి నెలంతా ప్రతి వస్తువునూ తొంభైతో హెచ్చవేసి చూశాను. పాలు తొంభై రూపాయలా అని వదిలేసి నల్ల టీ తాగిన రోజులున్నాయి. ఆ పిసినారితనంతో డిసెంబరులో జ్వరమొచ్చి వారం పడుకున్నాను. అక్క గట్టిగా కేకలేసింది. తిండి దగ్గర రూపాయల లెక్క మానేశాను. లోన్ లెక్క మాత్రం రూపాయల్లోనే పెట్టుకున్నాను, ఎందుకంటే అది కట్టాల్సింది రూపాయల్లో కాబట్టి.

'పార్ట్‌టైమ్ చేసుకుంటే వెళ్లిపోతుందిలే' అని చెప్పేవాళ్ల మాట మీద ఇల్లు తాకట్టు పెట్టకండి. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయనిస్తారు, నిజమే. కానీ జర్మన్ రాకుండా, ఇంత చిన్న ఊళ్లో, పని వెంటనే దొరకదు. నాకు ఫిబ్రవరిలో దొరికింది, యూనివర్సిటీ ల్యాబ్‌లో నెలకు 40 గంటలు. యూనివర్సిటీ లోపలి పని కాబట్టి ఆ 140 రోజుల లెక్కలోకి రాదు. నెలకు 556 యూరోల లోపు (అది 2025 పరిమితి) జీతమొచ్చే చిన్న పని, అంటే మినీ జాబ్ అయితే పన్ను పోటు లేదు, పెన్షన్ కోత వద్దని మొదట్లోనే రాసిస్తే ఆ 3.6 శాతం కూడా మిగులుతుంది. మొదటి జీతంలోంచి 100 యూరోలు ఇంటికి పంపాను, ఆ నెల వడ్డీకి. నాన్న వద్దన్నారు. ఇప్పటికీ ప్రతి నెలా వద్దంటారు, నేను పంపుతూనే ఉన్నాను.

ఈ సెప్టెంబరులో నెల్లూరు నుంచి ఒక చెల్లి వచ్చింది, మా ఫ్లాట్‌లో మూడో గదికి. బయల్దేరే ముందు ఫోన్ చేసి చేతిలో ఎంత తెచ్చుకోమంటారక్కా అని అడిగితే, బ్లాక్డ్ అకౌంట్‌ను పూర్తిగా మర్చిపోయి కనీసం 2,000 తెచ్చుకోమన్నాను, నా అక్టోబరు పేజీ ఫొటో తీసి పంపాను. నిన్న సాయంత్రం సూట్‌కేసులు ఇంకా కిందే ఉండగా, ఇద్దరం పోస్టు డబ్బా దగ్గర నిలబడి పాస్‌పోర్టు తెరిచి, దాంట్లో ఉన్నది ఉన్నట్టు తన పేరు రాసి అతికించాం.