తుపానుకు ముందు మా ఇంట్లో చేసుకునే ఏర్పాట్లు

ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని వినగానే చెన్నైలోని మా ఇంట్లో మొదట ఆలోచించేది నీళ్ళ గురించే. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరం మీదుగా దాటినప్పుడు గాలి ఒక్క పూటలో తగ్గిపోయింది గానీ, కూలిన చెట్లను తొలగించి, విరిగిన స్తంభాలను నిలబెట్టి కరెంటు ఇవ్వడానికి చాలా పేటల్లో రోజులు పట్టింది. కరెంటు లేకపోతే సంపు నిండుగా ఉన్నా మోటారు తిరగదు, పై ట్యాంకుకు చుక్క ఎక్కదు. ఈదురుగాలి మొదలయ్యాక ముందుజాగ్రత్తగా సరఫరా ఆపేయడం ఇక్కడ మామూలే కనుక, ముందురోజే పై ట్యాంకును, ఇంట్లోని బిందెలను, బకెట్లను నింపుకోవాలి. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండుగా ఉంటే గాలికి కదలదు కూడా.

తుపాను మన ఊళ్ళో తీరం దాటడం లేదని నిశ్చింతగా ఉండకూడదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ అంతకుముందే కురిసిన వాన చెన్నైలోని వేళచ్చేరి, పళ్ళికరణై వంటి పల్లపు ప్రాంతాలను ముంచెత్తింది. అలాంటప్పుడు వీధిలోని మురుగునీరు సంపు మూత సందుల్లోంచి లోపలికి దిగుతుంది. మూత మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచుల చుట్టూ ఇసుక బస్తాలు పేర్చడం మంచిది. అయినా మురుగు చేరితే సంపును ఖాళీ చేసి, బ్లీచింగ్ పౌడరుతో కడిగేదాకా మోటారు వేయకూడదు.

ఇన్వర్టర్ ఉందన్న ధైర్యానికీ ఒక హద్దుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. అందులో ముప్పాతిక వంతు చేతికొస్తుందనుకుంటే, 75 వాట్ల ఫ్యాను ఒకటి, 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు సుమారు పద్నాలుగు గంటలు నడుస్తాయి. అందుకే పగలు దాన్ని ఆపేసి రాత్రికి దాచుకోవాలి. కింది అంతస్తులో ఉన్నవాళ్ళు బ్యాటరీని గట్టి బల్ల మీదికి ఎక్కించుకోవాలి.

ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ళున్న ఇళ్ళ గురించి నాకు ఎక్కువ ఆందోళన. తలుపు తీయకుండా ఉంచినా ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలకు మించి నమ్మదగింది కాదు. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాల్లో దాదాపు నాలుగు వారాలు బయట ఉన్నా పాడవదు. అది ఏ రకమో ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. కొత్తవాటిని ఐస్‌పెట్టెలో పెట్టవచ్చు గానీ, ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టాలి, ఎందుకంటే గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. సెల్ టవర్లు ఆగిపోతే ఫోనుతో డబ్బు చెల్లించలేము కనుక, మందులకూ పాలకూ సరిపడా చిల్లర నోట్లు దగ్గర ఉండాలి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే వెంటనే బయటికి వెళ్ళకూడదు. అది తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, కావచ్చు. అది దాటాక ఎదురు దిక్కు నుంచి గాలి మళ్ళీ అంతే ఉద్ధృతంగా వీస్తుంది.

మా అపార్టుమెంటులాగే చాలాచోట్ల మీటరు బోర్డు కింది అంతస్తులో మెట్ల పక్కనే ఉంటుంది. వాకిట్లోకి నీళ్ళు వస్తున్నాయనగానే, నేల పొడిగా ఉండగానే మెయిన్ ఆపేయాలి. అక్కడ నీళ్ళు చేరాక మాత్రం ఎవరూ దాని దగ్గరికి పోకుండా చూసి, ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్ళకు ఫోన్ చేయాలి.