ఆర్డర్ బుక్‌ను చైన్‌లో రాయకండి

ట్రేడింగ్ కోసం సొంత బ్లాక్‌చైన్ కట్టాలనుకునేవాళ్లు ముందు డీవైడీఎక్స్ (క్రిప్టో ట్రేడింగ్ వేదిక) చైన్ నిర్మాణం చదవాలి. ఆ వేదిక అంతకుముందు ఇథీరియం బ్లాక్‌చైన్ మీద స్టార్క్‌ఎక్స్ (లావాదేవీల వేగం పెంచే పొర)తో నడిచి, 2023 అక్టోబరులో కాస్మాస్ ఎస్‌డీకే (చైన్లు కట్టే టూల్‌కిట్), కామెట్‌బీఎఫ్‌టీ (నోడ్ల మధ్య ఏకాభిప్రాయం కుదిర్చే సాఫ్ట్‌వేర్)లతో కట్టిన సొంత చైన్‌కి మారింది.

అందులో నాకు బాగా నచ్చిన కిటుకు, ఆర్డర్ బుక్ (ఇంకా కుదరని కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల జాబితా) ప్రతి వాలిడేటర్ (బ్లాకులు ప్రతిపాదించి ఓటేసే నోడ్) మెమరీలోనే ఉండటం. షార్ట్ టర్మ్ (కొద్దిసేపే నిలిచే) ఆర్డర్లు, వాటి క్యాన్సిళ్లు నోడ్ (చైన్ నడిపే కంప్యూటర్) నుంచి నోడ్‌కి పాకుతాయి, వాటిలో బ్లాక్‌లోకి ఎక్కేది కుదిరిన ట్రేడ్లే. మార్కెట్ మేకర్ (ఎప్పుడూ కొనుగోలు, అమ్మకం ధరలు పెట్టే ట్రేడర్) ధర మార్చిన ప్రతిసారీ స్టేట్‌లో (చైన్ శాశ్వత రికార్డులో) రాస్తే వేగం అక్కడే చచ్చిపోతుంది. షార్ట్ టర్మ్ ఆర్డర్‌కి గడువు కూడా బ్లాకుల లెక్కలోనే, అదీ కొద్ది బ్లాకులే.

దీనికి మూల్యం ఉంది. మీ క్యాన్సిల్, బ్లాక్ ప్రతిపాదించే వాలిడేటర్‌కి సమయానికి అందకపోతే ట్రేడ్ జరిగిపోవచ్చు. గడువు దాటితేనే పూర్తి భరోసా. బాట్ రాసేవాళ్లు దీన్ని మరిచిపోతే డబ్బు పోతుంది.

ఇక చైన్‌నే ఆపేసే తప్పు. గో ప్రోగ్రామింగ్ భాషలో మ్యాప్ (కీ, విలువల జతల పట్టిక) మీద లూప్ వేస్తే వరుస స్థిరంగా ఉండదు. ఆ వరుసలో లిక్విడేషన్లు (మార్జిన్ చాలని ఖాతాల పొజిషన్లను బలవంతంగా మూసేయడం) చేస్తే నోడ్‌కో యాప్ హ్యాష్ (స్టేట్ మొత్తానికి వేలిముద్ర లాంటి సంఖ్య) వస్తుంది. ఒకే హ్యాష్ మీద మూడింట రెండు వంతులకు మించి ఓటు బలం కూడకపోతే బ్లాకులు ఆగిపోతాయి. కీలను ముందు సార్ట్ చేయండి. ధరలకు పూర్ణాంకాలే వాడండి, ఫ్లోట్ వద్దు. సమయం బ్లాక్ హెడర్ నుంచే తీసుకోండి, నోడ్ గడియారం నుంచి కాదు. విడుదలకు ముందు అవే బ్లాకులను నాలుగు నోడ్ల మీద మళ్లీ నడిపి, ప్రతి ఎత్తులో (బ్లాక్ సంఖ్య దగ్గర) హ్యాష్ సరిచూడండి.