డూలోస్ ఓడలో రెండు వారాలు

స్వచ్ఛంద సేవకురాలిగా డూలోస్ ఓడ ఎక్కిన సాయంత్రం మాకు మొదట లైఫ్‌జాకెట్ తొడిగి, అలారం మోగితే ఏ డెక్ మీద, ఏ లైఫ్‌బోటు దగ్గర నిలబడాలో చూపించారు. పడుకునే గది ఎక్కడో ఆ తరవాతే చెప్పారు. నలుగురికి కేటాయించిన ఆ కిటికీ లేని గదిలో రెండంతస్తుల మంచాలు తప్ప మరి దేనికీ చోటు లేదు. తాగే నీరు, స్నానం నీరు ఓడ ట్యాంకుల్లో ఉన్నంతే గనుక రెండు మూడు నిమిషాల్లో స్నానం ముగించడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

1914లో అమెరికాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో మెదీనా అనే సరుకుల ఓడగా పుట్టి, తరవాత రోమా, ఫ్రాంకా సి అనే పేర్లతో ప్రయాణికులను మోసిన ఈ ఓడను 1977లో జర్మనీకి చెందిన ఒక క్రైస్తవ సంస్థ కొని, తేలియాడే పుస్తకశాలగా మార్చింది. డూలోస్ అంటే గ్రీకులో దాసుడు. కెప్టెన్‌కు గానీ, ఇంజనీరుకు గానీ, గిన్నెలు తోమే నాకు గానీ జీతం లేదు. ఎవరి ఖర్చుకు వారి సంఘమో, బంధుమిత్రులో విరాళం పంపాలి. దాదాపు యాభై దేశాలకు చెందిన మూడు వందల మందికి పైగా ఆ ఏర్పాటుతోనే కలిసి బతకడం నన్ను చాలా కదిలించింది.

రెండో వారం నన్ను డెక్ పనికి పంపారు. ఓడల తయారీలో వెల్డింగ్ వాడుకలోకి రాకముందు కట్టింది కాబట్టి దాని ఇనప పలకలను రివెట్లనే లోహపు మేకులతో బిగించారు. ఉప్పుగాలికి ఆ రివెట్ల చుట్టూ లేచే తుప్పును సుత్తితో కొట్టి, లోపలి లోహం మెరిసేదాకా గీకి, అప్పుడే రంగు వేయాలి. తుప్పు మీదే రంగు పూస్తే అది లోపల పెరుగుతూనే ఉంటుందని మాతో పనిచేసిన పెద్దాయన నా చేతిలోని కుంచె తీసుకుని, మళ్ళీ సుత్తి ఇచ్చారు. మూడు రోజుల్లో నేను శుభ్రం చేసింది ఒక తలుపు వెడల్పంత. 2009 చివరిదాకా ఆ ఓడ సముద్రం మీద తిరగగలిగిందంటే, అలాంటి ఎన్ని వేల చేతులు ఆ పలకల మీద పనిచేశాయో!

రాత్రి ప్రార్థనకు కూడినప్పుడు ఎవరి భాషలో వారు ఒకేసారి ప్రార్థించేవారు. నేను తెలుగులో చేశాను.

ఓడ రేవు వదిలే ముందురోజు పుస్తకాల అరలను అలలకు కదలకుండా తాళ్ళతో బిగించాం. మరునాడు నేను దిగిపోయాక ఓడ ఎక్కి దిగే మెట్లదారి, గ్యాంగ్‌వే, పైకి లేచింది. రంగు వేసిన ఆ తలుపంత చోటు కనిపిస్తుందేమోనని ఒడ్డునుంచి చాలాసేపు వెతికాను.