నాన్న విన్న చప్పుళ్లు

బయల్దేరే ముందు రోజు చీకటి పడేదాకా కారు కిందే ఉన్నాను. పాత సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి పైపు నుంచి వెనక చివరి గొట్టం దాకా మొత్తం తీసేసి, కారు కంపెనీది కాకుండా బయట దొరికే స్టెయిన్‌లెస్ స్టీల్ సెట్టు ఒకటి తెప్పించుకున్నాను. కారును నాలుగు జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, సైలెన్సర్‌ను కారు కింద వేలాడదీసే రబ్బర్లకు సబ్బు నీళ్లు రాసి, వాటిలోకి హ్యాంగర్ కడ్డీలు ఎక్కించి, పైపుల జాయింట్లను పట్టి ఉంచే క్లాంపులు బిగించి ఇంజన్ ఆన్ చేశాను. ఒక్క చప్పుడు లేదు. మర్నాడు అమ్మానాన్నలతో కొండల మీదికి రెండు రోజుల ప్రయాణం, రానూపోనూ దాదాపు 500 కిలోమీటర్లు. కొత్త సైలెన్సర్‌తో మొదటిసారే అంత దూరం ఎందుకని ఒక్క క్షణం అనిపించింది. కానీ అమ్మ అప్పటికే సంచులు సర్దేసింది. స్పానర్లు, టార్చి, పాత గోనె సంచి, ఒక చెక్క కర్ర డిక్కీలో వేసుకున్నాను.

తెల్లవారకముందే బయల్దేరాం. మంచి రోడ్డు మీద మొదటి గంట హాయిగా గడిచింది. కొత్త సైలెన్సర్ గొంతు కాస్త బరువుగా, నిండుగా ఉంది. ఆ తర్వాత గుంతల రోడ్డు మొదలైంది. దాంతోపాటే వెనక సీటు కింద ఠంగుమని ఒక దెబ్బ. కాసేపటికి మళ్లీ ఇంకోటి.

"ఒరేయ్, చక్రం గుంతలో పడ్డప్పుడు కాదురా, ఆ తర్వాత బండి కిందికి కుంగినప్పుడు కొడుతోంది. సరిగ్గా విను" అన్నారు నాన్న.

ఆయనకు కార్ల గురించి పెద్దగా తెలియదు, వినడం మాత్రం బాగా తెలుసు. ఆ ఒక్క మాటతో నా తప్పు నాకు తెలిసిపోయింది. జాక్ స్టాండ్ల మీద ఉన్నప్పుడు చక్రాలు గాల్లో వేలాడతాయి, వాటితోపాటు వెనక చక్రాలను కలిపే యాక్సిల్ కూడా కిందికి జారుతుంది. నా కారులో సైలెన్సర్ పైపు ఆ యాక్సిల్ మీదుగా వంగి వెళ్తుంది. నిన్న చూసినప్పుడు రెండింటి మధ్య మూడు వేళ్లు పట్టేంత సందు ఉంది. కారు నేల మీదికి దిగాక యాక్సిల్ పైకి వస్తుంది, సందు తగ్గుతుంది. ముగ్గురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే ఇంకా తగ్గుతుంది. గుంతలో కుంగినప్పుడు ఇక మిగిలేది ఏమీ లేదు.

నీడ ఉన్న చదునైన చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గోనె సంచి పరుచుకుని వెనక నుంచి తొంగి చూశాను. టార్చి వెలుగులో పైపు వంపు దగ్గర గోరంత మెరుపు కనిపించింది. లోహానికి లోహం తగిలే చోట దుమ్మూ మసీ చెరిగిపోయి ఇలాగే మెరుస్తుంది. చప్పుడు వెతికేటప్పుడు చెవికంటే ముందు ఈ మెరుపులనే వెతకాలని నాకు అప్పుడే అర్థమైంది.

పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ అమ్మ చెట్టు కింద కూర్చుని కొండల వైపు చూస్తూ ఉంది, ఒక్కసారి కూడా ఇంకెంతసేపు అని అడగలేదు. నేను వాడినవి పట్టీలాంటి బ్యాండ్ క్లాంపులు కావడం కలిసొచ్చింది. యూ బోల్టు క్లాంపు అయితే పైపును నొక్కి గాడి పెట్టేస్తుంది, ఆ తర్వాత తిప్పుదామన్నా కదలదు. క్లాంపు వదులు చేసి, పైపును కొద్దిగా తిప్పి, కారు బరువు చక్రాల మీద ఉండగానే మళ్లీ బిగించాను. ఈసారి సందులోకి రెండు వేళ్లు సులువుగా దూరాయి. ఆ తర్వాత గుంతల్లో ఠంగు వినపడలేదు.

మధ్యాహ్నానికి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. రెండో గేరులో, మూడో గేరులో సాగే పొడవైన ఎత్తు. సగం ఎక్కాక వెనక నుంచి జుయ్యిమని కందిరీగ లాంటి మోత. యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది, వదిలితే పోతుంది. నాకు టెన్షన్ మొదలైంది. మలుపు దగ్గర వెడల్పు చోటు చూసి ఆపాను. వేడి తగ్గేదాకా ఆగి, కిందంతా తడిమి చూశాను. ఎక్కడా ఏదీ తగలడం లేదు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. మళ్లీ బయల్దేరితే ఐదారు కిలోమీటర్లు నిశ్శబ్దం, ఆ తర్వాత మళ్లీ అదే మోత.

"చల్లారాక వెతుకుతున్నావు. అది వేడెక్కితేనే వస్తోంది కదా, వేడిగా ఉన్నప్పుడే చూడు" అన్నారు నాన్న.

నిజమే. ఆపిన వెంటనే, చెయ్యి పెట్టకుండా, టార్చితో దూరం నుంచే చూశాను. పొద్దున నిట్టనిలువుగా వేలాడిన రబ్బర్లు ఇప్పుడు వెనక్కి లాగినట్టు వాలి ఉన్నాయి. సైలెన్సర్ డబ్బా వెనక అంచు, బండి లాగడానికి తాడు కట్టే కొక్కెం పట్టీకి ఆనుకుని ఉంది. నిన్న అక్కడ పెన్సిల్ దూరేంత సందు, అంటే 7 మి.మీ. దాకా వదిలాను. పాత సైలెన్సర్‌కు ఉన్నదీ అంతే కాబట్టి సరిపోతుందనుకున్నాను.

సరిపోకపోవడానికి కారణం లోహమే. పాతది మామూలు ఉక్కు. అది మీటరు పొడవుకు, 100 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 1.2 మి.మీ. సాగుతుంది. ఇలాంటి సెట్లలో ఎక్కువగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అదే వేడికి దాదాపు 1.7 మి.మీ. సాగుతుంది. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే పాతది 7 మి.మీ. పెరిగితే, కొత్తది 10 మి.మీ. పెరుగుతుంది. ముందు వైపు ఇంజన్‌కు కట్టేసి ఉంది కాబట్టి ఆ పెరుగుదలంతా దాదాపుగా వెనక్కే వస్తుంది. పైపులు చల్లగా ఉన్నప్పుడు రబ్బర్లు నిటారుగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది, కానీ కాస్త ముందుకు వాలి ఉండటమే మేలు. వేడెక్కాక నిటారుకు వస్తాయి.

కొండ మీది బసకు చేరేదాకా నెమ్మదిగా నడిపాను. సాయంత్రం పైపులు పూర్తిగా చల్లారాక అన్ని క్లాంపులూ వదులు చేశాను. మధ్య జాయింటులో ఒక పైపు ఇంకో పైపులోకి 40 మి.మీ. దాకా దూరి ఉంది. దాన్ని మరో 10 మి.మీ. లోపలికి తోశాను. ఏ ఒక్కటీ పూర్తిగా బిగించకుండా, ముందు నుంచి వెనక దాకా అన్ని సందులూ చూసుకుని, ఆ తర్వాతే ముందు వైపు నుంచి ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాను. నిన్న ఇంటి దగ్గర దొరికిన క్లాంపును దొరికినట్టు బిగించేశాను. అలా చేస్తే మొదటి క్లాంపు దగ్గరి చిన్న వంకర చివరికి వచ్చేసరికి పెద్ద వంకరవుతుంది. నాన్న పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నారు. చివరి బోల్టు దాకా ఆయన చెయ్యి కదల్లేదు.

పని అయ్యాక ఇంజన్ ఆన్ చేస్తే రేకుడబ్బా మోగినట్టు సన్నటి గలగల. ఈసారి కారు నిలబడి ఉన్నప్పుడే, అదీ ఐడిలింగ్‌లో మాత్రమే. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పోతోంది. నా గుండె ఝల్లుమంది. కన్వర్టర్ లోపలి పింగాణీ తేనెపట్టు పగిలిందేమో, ఖరీదైన భాగం. మరుసటి ఉదయం అది చల్లగా ఉన్నప్పుడు అరచేత్తో తట్టి చూశాను. పగిలి ఉంటే లోపల గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తుంది. అలాంటిదేమీ లేదు, మనసు తేలికపడింది.

ఇంజన్ ఆన్ చేసి, చెక్క కర్రతో కింది రేకులను ఒక్కొక్కటిగా నొక్కుతూ పోయాను. కారు నేల మీద నిలబడి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. పైపుకు పైన ఉండే హీట్ షీల్డ్ మీద కర్ర ఆనించగానే గలగల ఆగిపోయింది. దాని బోల్టు రంధ్రం తుప్పుకు పెద్దదై, బోల్టు తల అందులో ఊగుతోంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 27 సార్లు మండుతుంది. ఆ నెమ్మది అదురుకు వదులుగా ఉన్న పల్చటి రేకు మోగుతుంది, వేగం మారితే ఆగుతుంది. ఇంజన్ ఆపి, అంతా చల్లారాక బోల్టు కింద ఒక వెడల్పాటి వాషర్ వేశాను. ఐదు నిమిషాల పని. ఈ రేకును పీకి పారేస్తే పోతుంది కదా అని కొందరంటారు. అది కారు అడుగునూ, దానికి దగ్గర్లోని గొట్టాలనూ ఆ వేడి నుంచి కాపాడుతుంది, తీయకూడదు.

తిరుగు ప్రయాణానికి ఇంజన్ ఆన్ చేయగానే ముందు వైపు నుంచి టిక్ టిక్‌మని చిన్న శబ్దం వినిపించింది. రెండు నిమిషాలకు దానంతట అదే తగ్గిపోయింది. నిన్న ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు కూడా అది ఉందని అమ్మ చెప్పింది. ఇంజన్ ఆపి, ముందు పైపును బోల్టులతో బిగించే ఫ్లాంజ్ జాయింటు మీద సబ్బు నీళ్లు పోసి, మళ్లీ ఆన్ చేస్తే బుడగలు. ఆ జాయింటు మధ్య పొగ బయటికి రాకుండా మూసే పాత గాస్కెట్టే మళ్లీ వాడాను, బాగానే ఉంది కదా అనుకుని. ఒకసారి నలిగిన గాస్కెట్ రెండోసారి పూర్తిగా మూయదు. వేడికి లోహం సాగాక సందు కొంత మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగుతుంది, అంతేగానీ లీకు పోయినట్టు కాదు.

బాధపడాల్సింది ఆ శబ్దం గురించి కాదు. బయటికి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. ఫ్లాంజ్ బోల్టులు రెండింటినీ కొంచెం కొంచెంగా, సమానంగా బిగిస్తే బుడగలు చాలావరకు తగ్గాయి. అయినా ముందు కిటికీలు కిందికి దించి, ఏసీ లోపలి గాలినే తిప్పకుండా బయటి గాలి వచ్చేలా పెట్టి, గంటకోసారి ఆగుతూ దిగాం. గాలికి అమ్మ జుట్టంతా చెదిరింది. ఎందుకు కిటికీ తీశానో చెబితే, "ముందే చెప్పొచ్చు కదరా, నిన్నంతా మూసే ఉంచాను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చిన మర్నాడే కొత్త గాస్కెట్ వేశాను. అప్పుడే అన్ని క్లాంపుల మీదా స్పానర్ పెట్టి చూస్తే, కొండ మీద గట్టిగా బిగించిన వాటిలో రెండు పావు చుట్టు దాకా తిరిగాయి. నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారే సరికి జాయింట్లు సర్దుకుంటాయి. అందుకే మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి మళ్లీ బిగించాలంటారు. పొద్దున చల్లటి ఇంజన్ ఆన్ చేసి నాన్నను పిలిచాను. ఆయన బానెట్ పక్కన కాసేపు, వెనక కాసేపు నిలబడి విన్నారు. "ఇప్పుడేమీ లేదు" అని లోపలికి వెళ్లారు. నేను కిందికి వంగి, యాక్సిల్ దగ్గరి సందులో మళ్లీ రెండు వేళ్లు పెట్టి చూశాను.