ఏడుగురి మెడల్లో దండలు

అమ్మమ్మ పోయిన ఏడాదికి తెనాలిలోని ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, అటక మీది ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, పాత దినపత్రిక కాగితంలో చుట్టిన ఒక గ్రూపు ఫోటో దొరికింది. బూడిదరంగు దళసరి అట్టకు అంటించిన నలుపు తెలుపు ఫోటో అది. అట్ట కింది భాగంలో పేర్లు రాసుకోవడానికి విడిచిన ఖాళీ స్థలం ఖాళీగానే ఉంది. వెనక ఒక్క అక్షరం కూడా లేదు. మూలన స్టూడియో వారు నొక్కిన ముద్రలో ఊరి పేరు తప్ప మిగిలినదంతా అరిగిపోయింది. చుట్టిన పత్రిక మీద 1991 నాటి తేదీ ఉండటంతో మా తమ్ముడు ఫోటో కూడా అప్పటిదే అన్నాడు గానీ, పత్రిక తేదీ ఫోటోను ఎప్పుడు చుట్టారో చెబుతుందే తప్ప ఎప్పుడు తీశారో చెప్పదు.

ఫోటోలో ముందు వరుసలో ఏడుగురు కుర్చీల్లో కూర్చున్నారు. ఏడుగురి మెడల్లోనూ బంతిపూల దండలు, ఏడుగురి చేతుల్లోనూ ఒక్కొక్క నిమ్మకాయ ఉన్నాయి. ఎడమ నుంచి మూడో మనిషి మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్నగారు. వెనక రెండు వరుసల్లో ఇరవై మంది దాకా నిలబడ్డారు గానీ వాళ్లెవరికీ దండలు లేవు. తాతయ్య కాలువల శాఖలో హెడ్ గుమాస్తాగా పనిచేశారు కనుక వాళ్లు ఆయన ఆఫీసు వాళ్లేనని అందరం సులువుగానే ఒప్పుకున్నాం. సందర్భం ఏమిటన్న దగ్గర మాత్రం ఇంట్లో తలా ఒక మాట వచ్చింది.

పెద్దమ్మ చూడగానే అది తాతయ్య షష్టిపూర్తి అంది. షష్టిపూర్తిలో పీటల మీద పక్కన అమ్మమ్మ ఉండాలి కదా, పైగా ఏడుగురికి ఒకేరోజున అరవై నిండుతాయా అని అడిగితే కాసేపు ఆలోచించి, అయితే సన్మానమేమో అంది. మామయ్యది గుమాస్తాల సంఘం ఎన్నికలన్న వాదన: గెలిచిన కార్యవర్గానికి దండలు వేయడం మామూలే. ఈ ఊహ నాకు చాలాకాలం నచ్చింది కూడా. కానీ సంఘం వాళ్లు బ్యానరు కట్టకుండా ఫోటో దిగుతారా, కార్యవర్గంలో ఒక్క కుర్రవాడైనా ఉండడా అన్న సందేహం పీడిస్తూనే ఉంది. కూర్చున్న ఏడుగురూ యాభై దాటినవాళ్లు, నిలబడిన వాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు. పదవీ విరమణ అయి ఉంటుందా అని నేనొకసారి అంటే అమ్మ కొట్టిపారేసింది. విరమణ అంటే ఒక్కరికి జరిగేది, ఏడుగురు కట్టగట్టుకుని వెళ్లరు అన్నది ఆమె వాదన. పుట్టిన నెల ఆఖరి రోజున ఒక మనిషికి దండ వేసి, టీ, మిక్చరు ఇచ్చి, ఇంటిదాకా దిగబెట్టి రావడం ఆఫీసుల ఆనవాయితీ కనుక నేనూ ఆ మాట వదిలేశాను. ఈ వెదుకులాటలో నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

సందర్భం తేలనప్పుడు ముందు కాలమైనా తేల్చుకుందామని ఫోటోను స్కాన్ చేయించి, కంప్యూటరు తెర మీద జానెడు జానెడు ముక్కలుగా పెద్దది చేసి చూడటం మొదలుపెట్టాను. మనుషుల ముఖాలు వదిలి వాళ్ల వెనక ఏముందో చూడాలని నాకు నాలుగు రోజుల తరువాత గానీ తోచలేదు. చివరి వరుస తలల పైన ప్రహరీగోడ కనిపిస్తోంది. దాని మీద సున్నం వేసి చెరిపిన గీతల కింద రెండు గుండ్రాలు, వాటిని కలిపే కడ్డీలు, ఒక పక్కన ‘కే మీ ఓటు’ అన్న అక్షరాలు లీలగా తేలాయి. అది సైకిలు గుర్తు. తెలుగుదేశం పార్టీ పుట్టింది 1982 మార్చి 29న, శాసనసభ ఎన్నికలు జరిగింది 1983 జనవరిలో. కనుక ఈ ఫోటో అంతకుముందుది అయ్యే అవకాశం లేదు. అయితే 1984 డిసెంబరులో లోక్‌సభకూ, 1985 మార్చిలో మళ్లీ శాసనసభకూ ఎన్నికలు వచ్చాయి కాబట్టి, ఒక్క గోడను నమ్ముకుంటే మూడేళ్ల సందిగ్ధం మిగిలిపోతుంది.

దాన్ని తగ్గించింది తాతయ్య కళ్లద్దాలు. 1983 దీపావళి వెళ్లాక ఆయనకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. పదిహేను రోజులు పెద్దమ్మే దగ్గరుండి చూసుకుంది కనుక ఆ సంగతి ఆమెకు బాగా గుర్తు. ఆ రోజుల్లో ఆపరేషన్ అయినవాళ్లకు సోడాబుడ్డి అద్దాలే గతి. 1984 మే నెలలో జరిగిన మామయ్య పెళ్లి ఆల్బంలో తాతయ్య కళ్లు ఆ అద్దాల వెనక చేపకళ్లంత కనిపిస్తాయి. ఈ గ్రూపు ఫోటోలో మాత్రం ఆయన పెట్టుకున్నవి నల్లఫ్రేము పలచటి అద్దాలు. అంటే ఫోటో దీపావళికి ముందుది. గోడ అవతల ఉన్న మామిడిచెట్టు కొమ్మలను కూడా పెద్దవి చేసి చూస్తే, ఆకుల కొసల్లో కంకులుగా పూత కనిపించింది. మా వైపు మామిడి పూతకు వచ్చేది సంక్రాంతి నుంచి శివరాత్రి దాటేదాకా కనుక ఫోటో తీసింది 1983 తొలి నెలల్లోనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

కాలం తెలిసినా సందర్భం తెలియలేదు, సరికదా ఇంకో చిక్కు వచ్చిపడింది. తాతయ్య 1926 జులైలో పుట్టారు. అందరిలాగే యాభై ఎనిమిదికి దిగిపోయారని అమ్మ చెప్పిన లెక్కన ఆయన విరమణ 1984 జులై ఆఖరున జరగాలి. మరి ఏడాదిన్నర ముందు ఆయన మెడలో దండ ఎందుకు పడినట్టు?

జవాబు ఇంట్లోనే, అమ్మమ్మ కుటుంబ పింఛను కాగితాల సంచిలో ఉంది. దాన్ని ముందే విప్పి చూడవలసింది. కానీ బ్యాంకు కాగితాలు, లైఫ్ సర్టిఫికెట్ల నకళ్లు తప్ప అందులో ఏముంటాయిలే అనుకున్నాను. తాతయ్య పింఛను పుస్తకం మొదటి పేజీలో పుట్టిన తేదీ కింద, ఉద్యోగం నుంచి విరమించిన తేదీ అన్న గడిలో ‘28-2-1983 అపరాహ్నము’ అని ఉంది. అప్పటికి ఆయన వయస్సు యాభై ఆరేళ్ల ఏడు నెలలు. యాభై ఎనిమిదికీ కుదరని, పుట్టిన నెలకూ కుదరని ఆ తేదీని చూశాక, చిన్నప్పుడు ఎక్కడో విన్న మాట ఒకటి తట్టి, ఆనాటి చరిత్ర వెదికాను.

1983 ఫిబ్రవరి 8న రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నిరుద్యోగ యువతకు అవకాశాలు కల్పించడం దాని ఉద్దేశమని చెప్పింది. అప్పటికే 55 నిండినవారందరూ ఫిబ్రవరి 28 సోమవారం సాయంత్రానికి ఉద్యోగం నుంచి తప్పుకోవాలి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఆ తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో తీర్పు వచ్చింది. ప్రభుత్వోద్యోగులే 18 వేల మందికి పైగా ఆ విధంగా విరమించారని ఆ తీర్పులో కనిపిస్తుంది. ఈ మధ్యలో, 1984 ఆగస్టు 23న, వయస్సును తిరిగి 58 చేశారు. మా తాతయ్యకు 58 నిండింది ఆ జులైలోనే. ఈ తేదీలను ఒకదాని కింద ఒకటి రాసుకుని చూసినప్పుడు, ఆయన ఏనాడూ ఈ ఊసెత్తకపోవడం నాకు కొంచెం అర్థమైంది.

అమ్మ వాదన అప్పుడు తిరగబడింది. ఏడుగురు కట్టగట్టుకుని వెళ్లరన్నది మామూలు నెలల సంగతి. 55కూ 58కూ మధ్య ఉన్నవాళ్లందరూ ఒక్కరోజునే వెళ్లారంటే మూడేళ్లలో విడివిడిగా జరగవలసిన విరమణలన్నీ ఒక్క పూటలో జరిగాయని అర్థం. డివిజన్ ఆఫీసు, దాని కింది సెక్షన్లు అన్నీ కలిపి మూడేళ్లకు ఏడుగురు అనుకుంటే లెక్క ఎక్కువేమీ కాదు. అలా వెళ్లేవారికి ఇవ్వడం ఆనవాయితీ అయిన గోడ గడియారం గానీ శాలువా గానీ ఫోటోలో ఎక్కడా లేకపోవడానికి కూడా ఇదే కారణమై ఉంటుంది. ఇరవై రోజుల్లో ఏడుగురికి చందాలు ఎవరు పోగుచేయగలరు? ఏడు దండలూ ఒకే తీరున, ఒకే పొడవున ఉండటం చూస్తే అన్నీ ఒకే దుకాణంలో ఒకేసారి కట్టించినవని తెలుస్తోంది.

అయినా ఇదంతా నేను కట్టిన లెక్కే. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు చెబితే తప్ప నిజమని ఒప్పుకోకూడదనిపించింది. అమ్మమ్మ పెద్దకర్మకు వచ్చినవాళ్ల జాబితాలో తాతయ్య ఆఫీసు మనిషి ఒకరు కనిపించారు. అప్పట్లో జూనియర్ గుమాస్తా అయిన ఆయనకు ఇప్పుడు డెబ్భై దాటాయి. ఫోను చేసి, ఒక ఆదివారం ఫోటో పట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వేలితో ముందు వరుసలోని వాళ్లను ఒక్కొక్కరినీ తాకుతూ, పేరూ, చూసిన సీటూ, ఊరూ వరుసగా చెబుతూ పోయారు. నేను అట్ట మీద ఖాళీ స్థలానికి సరిపడేలా వేరే కాగితం మీద రాసుకున్నాను. ఎవరిదీ తడుముకోలేదు.

“ఇది ఫిబ్రవరి ఇరవై ఎనిమిదా, బాబాయ్ గారూ?” అని అడిగాను.

“ఇంకేముంటుందమ్మా. పొద్దున ఆఫీసుకి వచ్చినప్పుడు నాకంటే పెద్దవాళ్లు ఏడుగురున్నారు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి నేనే పెద్ద గుమాస్తానైపోయాను.”

వెనక వరుసలో కుడి చివరన నిలబడిన సన్నటి కుర్రవాడి పిడికిట్లో ఏదో మెరుస్తుండటం స్కాన్‌లో చూసి, అది ఉంగరమో, ఫోటోలో మచ్చో అనుకున్నాను. ఆ కుర్రవాడు ఆయనే. అదేమిటని అడిగితే ఆయన కళ్లద్దాలు తీసి, ఫోటోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వారు.

“బీరువా తాళాలమ్మా. మధ్యాహ్నం నుంచి ఒకరి తరువాత ఒకరు చార్జి అప్పగిస్తూనే ఉన్నారు. మీ తాతగారిది ఆఖరు. సంతకాలయ్యాక గుత్తి నా చేతిలో పెట్టి, ఫోటోకి పిలుస్తున్నారు పద అన్నారు. జేబులో వేసుకోవడానికి కూడా వ్యవధి లేదు. ఏడుగురి తాళాలూ ఒక్క గుత్తిలో కలిసిపోయాయి. ఏది ఏ బీరువాదో తెలుసుకోవడానికి మాకు వారం పట్టింది.”