ఆల్ఫ్రెడ్ లిటిల్టన్: ఓవల్ మైదానం నుంచి ట్రాన్స్‌వాల్ గనుల దాకా

1884 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా జట్టు 551 పరుగులు చేసింది. వారి కెప్టెన్ మర్డాక్ ఒక్కరే 211 కొట్టిన ఆ ఇన్నింగ్సులో ఇంగ్లండు జట్టులోని పదకొండు మందీ బంతి పట్టవలసి వచ్చింది. వికెట్ కీపరుగా ఉన్న ఆల్ఫ్రెడ్ లిటిల్టన్ కాళ్లకు ప్యాడ్లు విప్పకుండానే వచ్చి, చేతిని భుజం పైకి ఎత్తకుండా కింది నుంచి నెమ్మదిగా లాబులు వేశారు. ఆయన స్థానంలో ఇంగ్లండు మేటి ఆటగాడు డబ్ల్యూ.జి. గ్రేస్ కీపింగు చేశారు. తక్కినవారు ఆపలేకపోయిన ఆస్ట్రేలియాకు చివరి నాలుగు వికెట్లు ఆ లాబులకే పడ్డాయి. లిటిల్టన్ ఇచ్చిన పరుగులు 19. దాళ్వా కోతలయ్యాక మా కోనసీమ చేలల్లో ఆడే కుర్రాళ్లు, బౌలర్లందరూ అలసిపోయినప్పుడు కీపరు చేతికి బంతి ఇస్తుంటారు. వారికి ఈ కథ ఎంత చెప్పినా తనివి తీరదు.

అంతకు ఏడేళ్ల ముందే, 1877లో, ఆయన స్కాట్లండు మీద ఇంగ్లండు తరఫున ఫుట్‌బాల్ ఆడి గోలు కొట్టారు. ఆ విధంగా రెండు ఆటల్లోనూ ఇంగ్లండుకు ఆడిన తొలి వ్యక్తి అయ్యారు. 1881లో బారిస్టరయ్యారు, 1895లో బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభకు ఎన్నికయ్యారు. 1903లో జోసెఫ్ ఛాంబర్లేన్ రాజీనామా చేయగా వలస వ్యవహారాల మంత్రి పదవి ఆయనకు దక్కింది.

నా దృష్టిలో లిటిల్టన్‌ను తూచవలసిన చోటు ఆ పదవే. దక్షిణాఫ్రికాలో బ్రిటిషువారికీ, డచ్చి సంతతి వారైన బోయర్లకూ జరిగిన యుద్ధం ముగిశాక అక్కడి ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు కూలీలు చాలలేదు. యజమానులు ఇవ్వజూపిన తక్కువ కూలికి ఆఫ్రికన్లు మునుపటిలా రాలేదు. కూలి పెంచడానికి బదులు చైనా నుంచి కూలీలను తెచ్చుకుంటామని యజమానులు కోరగా, అక్కడి బ్రిటిష్ హైకమిషనరు మిల్నర్ వారిని సమర్థించారు, 1904లో అందుకోసం చేసిన శాసనానికి లిటిల్టన్ ఆమోదం తెలిపారు. మూడేళ్ల ఒప్పందం, గని ఆవరణలోనే నివాసం, అనుమతి చీటీ లేకుండా గడప దాటరాదు, నైపుణ్యం గల పనులేవీ చేయరాదు, గడువు తీరగానే స్వదేశానికి వెళ్లిపోవాలి. ఇలాంటి షరతుల మీద 60,000 మందికి పైగా గనుల్లోకి దిగారు. న్యాయాధికారి విచారణ లేకుండానే వారిని కొరడాలతో కొట్టడానికి మిల్నర్ అనుమతించినట్టు తరువాత బయటపడింది. సంగతి తెలిశాక లిటిల్టన్ దానిని ఆపించారు. ఆయన క్రూరుడు కాడని నేను నమ్ముతాను. అయితే కాగితం మీద ఒప్పందం సక్రమంగా ఉంటే సంతకం చేసినవాడు ఇష్టపడే చేసినట్టు లెక్క అనుకోవడం న్యాయవాదికి సులువు. తనకిష్టమైన ఆటనే జీవితాంతం ఆడగలిగిన మనిషికి మరింత సులువు.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లం ఈ విషయాన్ని పరాయి కథగా చదవలేము. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కిన మనవాళ్లను అక్కడివారు కోరంగీలనే పిలిచారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు తొలి ఒప్పంద కూలీలను చేర్చింది. ఆ తరువాత దశాబ్దాలలో అక్కడికి వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఓడ దిగాక గాని తెలియని మనుషులు వాళ్లు.

లిటిల్టన్ 1913లో ఒక మ్యాచిలో పొట్టకు బంతి తగిలి జబ్బుపడి, జూలై 5న మరణించారు. ప్రత్యర్థి పక్షానికి చెందిన ప్రధాని ఆస్క్విత్ ప్రతి ఇంగ్లీషు తండ్రీ తన కొడుకు ఇలా ఎదగాలని కోరుకునేంతటి మనిషని ఆయనను సభలో కీర్తించారు. ఆ మాటలో వంచన లేదు. ఆయనను ఎరిగినవారందరూ అలాగే ప్రేమించారు. కాని ఆయన జీవితాన్ని రాసేవారు ఓవల్ స్కోరు కార్డుకు ఇచ్చినంత చోటు ఆ కూలి ఒప్పందానికీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. బ్రిటిష్ ఓటర్లు ఆనాడే ఇచ్చారు: చైనా బానిసత్వమన్న నినాదం మార్మోగిన 1906 ఎన్నికల్లో ఆయన పార్టీ కూటమి చిత్తుగా ఓడింది, వార్విక్-లెమింగ్టన్‌లో ఆయనా ఓడిపోయారు. మరుసటి ఏడు ట్రాన్స్‌వాల్‌లో బోయర్ల నాయకుడు బోథా ప్రభుత్వం ఏర్పడ్డాక కూలీలను తిప్పి పంపే పని సాగి, 1910 నాటికి పూర్తయింది.